మిర్చి యార్డు సెలవుల్లో యూరప్

మే రెండో వారం దాటిందంటే గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులు. అప్పటిదాకా లారీలు, టిక్కీలు, బేరాల కేకలు, ఘాటుకు ఆగని తుమ్ములతో అదిరిపోయిన ఆవరణ దాదాపు నెల రోజుల పాటు ఊపిరి పీల్చుకుంటుంది. పిల్లలకు బడులుండవు. పత్తి విత్తడానికి తొలకరి పడాలి. బయట అడుగు పెడితే వడగాడ్పు. సరిగ్గా ఆ రోజుల్లోనే యూరప్‌లో చలి పూర్తిగా విడుస్తుంది, పాత నగరాల వీధుల్లోకి కుర్చీలూ బల్లలూ వచ్చేస్తాయి. ఈ రెండు క్యాలెండర్లూ ఇంత చక్కగా కలవడం వల్లనే కాబోలు, గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు, చీరాలల నుంచి విహారయాత్రకు బయల్దేరే కుటుంబాలకు మే, జూన్ నెలలంటే అంత ఇష్టం.

మామూలుగా ఈ యాత్ర పది పన్నెండు రోజుల్లో ప్యారిస్, బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, స్విట్జర్లాండ్ మంచుకొండలు, వెనిస్, పీసా, రోమ్ తిప్పి ఇంటికి చేరుస్తుంది. ట్రావెల్ ఏజెంటు ఇచ్చే కాగితంలో ఏ ఊళ్లో ఏం చూడాలో గంటల వారీగా రాసి ఉంటుంది. అందులో రాయని సంగతి ఒకటుంది. మిరప, పత్తి పండే నేల నుంచి వెళ్లిన మనిషి కాస్త నిదానించి చూస్తే, ఆ నగరాల్లో చాలాచోట్ల తన ఊరి సంగతే ఏదో ఒకటి ఎదురవుతుంది.

ప్రయాణం పెట్టెతో మొదలవుతుంది, పెట్టె పచ్చడితో మొదలవుతుంది. గోంగూర, ఆవకాయ, పండుమిరప కారం, కందిపొడి లేకుండా ఈ జిల్లాల మనిషి సముద్రం దాటడు. విమానంలో చేతిసంచీలోకి వంద మిల్లీలీటర్లకు మించిన ద్రవాలనూ ముద్దలనూ రానివ్వరు కాబట్టి జాడీ లగేజీలోకే వెళ్లాలి. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం మన దేశం నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు వెంట తీసుకురాకూడదు. అంటే ఆవకాయకు అడ్డు లేదు గానీ అందులోకి వేసుకునే నెయ్యికీ, పాలకోవాకూ, చికెన్ పచ్చడికీ దారి లేదు. చేపలకు, రొయ్యలకు వేరే నియమం ఉంది, ఇరవై కిలోల దాకా అనుమతిస్తారు. కనుక చీరాల, బాపట్ల వైపు వాళ్ల రొయ్యల పచ్చడికి భయం లేదు. పండ్లలో అరటి, కొబ్బరి, అనాస, ఖర్జూరం, దూరియన్‌లకు మాత్రమే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అక్కర్లేదు. బంగినపల్లి మామిడి ఆ జాబితాలో లేదు. పచ్చి కరివేపాకూ లేదు. అక్కడ ఉంటున్న కూతురికి ఇద్దామని పెట్టె నిండా కాయలు సర్దుకున్న తల్లులకు ఈ ముక్క ముందే తెలిస్తే విమానాశ్రయంలో కళ్లనీళ్లు తప్పుతాయి.

దిగిన మొదటి రోజే పెద్దవాళ్లను తికమక పెట్టేది పొద్దు. జూన్‌లో ప్యారిస్‌లో సూర్యాస్తమయం రాత్రి పది గంటలకు కాస్త అటూ ఇటూ. టూరు బస్సు ఏడింటికే భోజనశాల ముందు ఆపుతుంది. బయట మన మూడు గంటల ఎండలా ఉంటుంది. "దీపం పెట్టకుండానే రాత్రి అన్నమేంటే వదినా" అని ఒకరు, "దీపం వేళ దాకా ఆగితే ఇక్కడ అన్నం దొరకదమ్మా" అని ఇంకొకరు. సందేహం న్యాయమైనదే. గుంటూరు పదహారో అక్షాంశం దగ్గర ఉంటే ప్యారిస్ దాదాపు నలభై తొమ్మిదో అక్షాంశం మీద ఉంది. అంత ఉత్తరాన వేసవి పగలు పదహారు గంటలు సాగుతుంది.

రెండో తికమక బస్సు డ్రైవరు. మన దగ్గర "ఇంకో అయిదు నిమిషాలు ఆగు బాబూ, మా అత్తయ్య వస్తోంది" అంటే ఆగని బండి ఉండదు. అక్కడ నాలుగున్నర గంటలు నడిపాక నలభై అయిదు నిమిషాల విశ్రాంతి తప్పనిసరి. రోజుకింత నిద్ర అని కూడా చట్టమే చెబుతుంది, బండిలోని యంత్రం ప్రతి నిమిషాన్నీ రాసుకుంటుంది. మన రోడ్ల మీద తెల్లవారుజామున జరిగే ప్రమాదాలు తలచుకుంటే, ఆ దేశాల నుంచి తెచ్చుకోవలసిన వస్తువుల్లో చాక్లెట్ల కంటే ఈ నియమం ముందుండాలి.

చర్చిల దగ్గర ఇంకో ముచ్చట. రోమ్‌లో సెయింట్ పీటర్స్ గుమ్మం ముందు మన పెద్దల కళ్లు మొదట వెతికేది చెప్పుల స్టాండు. చెప్పులతోనే లోపలికి వెళ్లవచ్చని చెప్పినా అడుగు పడదు. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలన్న నియమం మాత్రం వాళ్లకు చెప్పక్కర్లేదు. కురచ బట్టలతో వచ్చిన వాళ్లను గుమ్మం దగ్గరే ఆపేస్తుంటే, నేత చీర కట్టిన మామ్మ నేరుగా లోపలికి నడిచిపోతుంది. దాహమేస్తే సీసా కొననక్కర్లేదు. రోమ్ వీధుల్లో రెండు వేలకు పైగా చిన్న ఇనుప కుళాయిలు రాత్రింబగళ్లు చల్లటి మంచినీళ్లు వదులుతూనే ఉంటాయి. చలివేంద్రాల సంప్రదాయం ఉన్న మనకు ఇది వెంటనే నచ్చే ఏర్పాటు.

పీసాలో అందరూ చేసే పని ఒకటే, ఒరిగిన గోపురాన్ని అరచేత్తో ఆపుతున్నట్టు ఫొటో దిగడం. దిగాల్సిందే, సరదాగా ఉంటుంది. కానీ నల్లరేగడిలో ఇల్లు కట్టిన మనిషి ఆ గోపురాన్ని ఇంకోలా చూస్తాడు. వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారే నేల మీద గోడ నిలబెట్టడమంటే ఏమిటో అతనికి తెలుసు. మూడేళ్లకే కిటికీ మూల నుంచి నెర్రె బయల్దేరడం చూశాడు. పునాది ఎంత లోతు తీయాలో మేస్త్రీతో వాదించాడు. పీసా మట్టి మన రేగడి కాదు. అది నది ఒడ్డున పేరుకున్న మెత్తటి బంక, ఇసుక. అయినా జబ్బు పునాది దగ్గరే. గోపురం పని 1173లో మొదలైంది. మూడో అంతస్తు లేచే 1178 నాటికే కుంగడం కనిపించింది. ఆ తర్వాత దాదాపు నూరేళ్లు పని ఆగింది. యుద్ధాలు రావడమే మేలైంది, ఆ విరామంలో కింద నేల గట్టిపడింది. ఆగకుండా కట్టుకుపోయి ఉంటే అప్పుడే కూలేదని ఇంజనీర్లు చెబుతారు. 1272లో మళ్లీ మొదలై, 1284లో మళ్లీ ఆగి, పైన గంటల అంతస్తుతో సహా పూర్తయ్యేసరికి పధ్నాలుగో శతాబ్దం వచ్చింది. మన కాలంలో ఒరుగు ప్రమాదకరంగా పెరిగితే 1990లో మూసేశారు. ఒరగని వైపు పునాది కింద నుంచి కొంచెం కొంచెంగా మట్టి తోడి, గోపురాన్ని దాదాపు అర మీటరు వెనక్కి రప్పించి, 2001లో తిరిగి తెరిచారు.  నేలనే సర్దారు. ఈ కథ తెలిశాక అరచేయి ఫొటో కంటే గోపురం అడుగున ఆ పునాది చుట్టూ ఒక ప్రదక్షిణం ఎక్కువ తృప్తినిస్తుంది.

1284లో పని ఎందుకు ఆగిందో చెబితే కథ చీరాల దగ్గరికి వస్తుంది. ఆ ఏడాది మెలోరియా దగ్గర సముద్రయుద్ధంలో జెనోవా నగరం పీసాను చిత్తుగా ఓడించింది. పట్టుబడిన వాళ్లెందరో జెనోవా జైళ్లలో మగ్గారు. వాళ్లలో కథలు రాసే రుస్టికెల్లో అనే పీసా మనిషి కూడా ఉన్నాడని చెబుతారు. పద్నాలుగేళ్లకు, 1298లో, అదే జైల్లో అతనికి వెనిస్ నుంచి పట్టుబడిన వర్తకుడొకడు తోడు దొరికాడు. ఆ వర్తకుడు తిరిగిన దేశాల ముచ్చట్లు చెప్పుకుపోతుంటే రుస్టికెల్లో రాసుకున్నాడు. ఆ వర్తకుడే మార్కో పోలో. చెప్పిన ఊళ్లలో ఒకటి మన మోటుపల్లి.

మోటుపల్లి ఒకప్పటి ప్రకాశం జిల్లాలో, ఇప్పటి బాపట్ల జిల్లాలో, చినగంజాం దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న పల్లె. కాకతీయుల కాలంలో పెద్ద రేవు. గణపతిదేవుడు 1244లో ఇక్కడ వేయించిన అభయశాసనం ఈనాటికీ చదివి తీరవలసిన పత్రం. అంతకుముందు రాజులు తుఫానుకు ఒడ్డున పడ్డ ఓడల్లోని సరుకును స్వాధీనం చేసుకునేవారు. ఇకమీదట అలా జరగదని, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటామని దూరదేశాల వర్తకులకు రాతి మీద మాట ఇచ్చాడు. మార్కో పోలో ఈ తీరాన్ని గురించి చెప్పే నాటికి రుద్రమదేవి పాలన సాగుతోందో, అప్పుడే ముగిసిందో. ఆయన ఆమెను చనిపోయిన రాజు భార్యగా పొరబడ్డాడు, నిజానికి ఆమె గణపతిదేవుడి కూతురు. పాలన మాత్రం ఆయనకు బాగా నచ్చింది. వజ్రాల సంగతి చెప్పాడు. ఇక్కడ నేసే నూలుబట్టలను సాలెగూళ్లతో పోల్చి, రాజులు కూడా వాటిని ధరించడానికి ముచ్చటపడతారన్నాడు.

వెనిస్‌లో దిగే విమానాశ్రయం పేరే మార్కో పోలో. ఊళ్లో రియాల్టో వంతెనకు కొద్ది దూరంలో, సన్నటి సందులు దాటి వెళితే కోర్తె దెల్ మిలియోన్ అనే చిన్న పెరడు వస్తుంది. పోలో కుటుంబం ఇల్లు అక్కడే ఉండేదట. మన బృందాలు సాధారణంగా ఆ వైపు వెళ్లవు. సెయింట్ మార్క్స్ చౌకులో పావురాలు, గొండోలా షికారు, గాజు సామాను దుకాణం, అంతటితో టైం అయిపోతుంది. నాలుగు వందలకు పైగా వంతెనలున్న ఆ నగరంలో చక్రాల పెట్టెను మెట్లెక్కించి దించడమే ఒక వ్యాయామం. ఐనా చీరాల, వేటపాలెం నేతగాళ్ల ఇళ్ల నుంచి వెళ్లిన వాళ్లు ఒక అరగంట మిగుల్చుకుని ఆ పెరట్లో నిలబడితే బాగుంటుంది. వాళ్ల తాతముత్తాతల తీరంలో నేసిన బట్టను ఏడు వందల ఏళ్ల కిందట యూరప్‌కు పరిచయం చేసిన వాడి ఇంటి చోటు అది.

ఆమ్‌స్టర్‌డామ్ కాలువల మధ్య డచ్చి ఈస్టిండియా కంపెనీ పాత కార్యాలయం ఇప్పుడు విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. ఆ కంపెనీ 1606లోనే మన నిజాంపట్నంలో వర్తకస్థానం పెట్టింది. 1611లో ఇంగ్లీషువాళ్ల ఓడ గ్లోబ్ కూడా ఆ తీరానికి వచ్చింది. పడవలో తిరుగుతూ ఆ పాత ఇళ్ల సొగసు చూసేటప్పుడు ఈ రెండు సంవత్సరాలు గుర్తుంటే చాలు.

కారం సంగతికి వద్దాం. మిరపకాయ మనది కాదు, యూరప్‌దీ కాదు. కొలంబస్ అమెరికా ఖండాల నుంచి తెచ్చాడు, పోర్చుగీసులు మన తీరాలకు చేర్చారు. అంటే గుంటూరు కారానికి బంధువులు యూరప్‌లోనూ ఉండాలి. ఉన్నారు. హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో 1897లో కట్టిన పెద్ద మార్కెట్ హాలులోకి అడుగుపెడితే గుంటూరు మనిషి మొహం వెలిగిపోతుంది. రంగుపెంకుల కప్పు కింద, దుకాణం దుకాణానికీ ఎర్రటి ఎండుమిరప దండలు గుమ్మాలకు తోరణాల్లా వేలాడుతుంటాయి. పక్కన గుడ్డసంచుల్లో కారప్పొడి, దానికి కట్టిన బుల్లి చెక్క చెంచా. యార్డులో పుట్టి పెరిగిన వ్యాపారి చేయి ఊరుకోదు. కాయ తడతాడు, తొడిమ చూస్తాడు, వెలుగుకు పెట్టి రంగు చూస్తాడు. నాలుక మీద చిటికెడు వేసుకున్నాక ఆశ్చర్యపోతాడు. రంగు దివ్యంగా ఉంది, కారం ఏది?

అక్కడి రైతులు కోరి పెంచుకున్నది రంగునూ తీపివాసననూ. కారం తక్కువున్న రకాలకే గిరాకీ. మన వాళ్లకు ఇది బ్యాడిగి కాయ లెక్కన అర్థమవుతుంది. తేజ ఘాటుకు, బ్యాడిగి రంగుకు అన్నది యార్డులో చిన్న గుమాస్తాకు కూడా తెలిసిన విషయమే. హంగరీలో కలోచా, సెగెద్ అనే రెండు ఊళ్లు పాప్రికా అని పిలిచే ఈ మిరపకు ప్రసిద్ధి. సెగెద్‌లో పనిచేసిన ఆల్బర్ట్ సెంట్ జార్జి అనే శాస్త్రవేత్తకు విటమిన్ సి ఎక్కువ మొత్తంలో దొరికే పదార్థం కావలసి వచ్చింది. ఒక రాత్రి భార్య పళ్లెంలో పెట్టిన పచ్చి పాప్రికా తినబుద్ధి కాక ప్రయోగశాలకు పట్టుకెళ్లానని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. అందులో ఆ విటమిన్ దండిగా ఉంది. కిలోల లెక్కన తీశాడు. 1937లో నోబెల్ బహుమతి వచ్చింది. మిరపకాయను చూసి పెద్ద చదువుల వాళ్లు మొహం తిప్పుకుంటే ఈ కథ చెప్పాలి.

ఫ్రాన్సు నైరుతి మూల బాస్క్ సీమలో ఎస్పెలెత్ అనే చిన్న ఊరుంది. కోత కాలంలో తెల్లటి గోడల మీద ఎర్రటి మిరప దండలు ఆరబెడతారు. మన కల్లాల్లో నేల మీద పరిచేది అక్కడ గోడకెక్కుతుంది. ఏటా అక్టోబరు ఆఖరి వారాంతంలో మిరప పండగ. ఆ కాయకు 2000లో అధికారికంగా ప్రాంతీయ గుర్తింపు ఇచ్చారు, చుట్టుపక్కల పది ఊళ్లలో పండినదే ఆ పేరుతో అమ్మాలి. గుంటూరు సన్నం రకానికీ భౌగోళిక గుర్తింపు ఉంది. కారంలో ఎస్పెలెత్ కాయ మన సన్నానికి పదో వంతు కూడా తూగదు. కానీ ధరలో, గౌరవంలో ఎంతో ముందుంది. ఎందుకంటే ఆ ఊరు తన కాయను చూడటానికే జనాన్ని రప్పించుకుంది. గోడ మీద దండ, పండగ, పేరున్న చిన్న సీసా, అంతే పెట్టుబడి. గుంటూరులో అంత పెద్ద మార్కెట్ ఉండి, దేశమంతా ఇక్కడి ధర చూసి నడుస్తుంటే, ఊరికి వచ్చిన అతిథికి చూపడానికి ఒక మిరప మ్యూజియం లేకపోవడం లోటే.

ఇంకొక సంగతి వ్యాపారులకు ఉపయోగపడుతుంది. ఎండుమిరపలో కిలోకు పది మైక్రోగ్రాముల కంటే ఎక్కువ అఫ్లాటాక్సిన్ ఉంటే యూరప్ తీసుకోదు. అది కాయ తడిగా ఉండగా కుప్ప పోస్తే పట్టే బూజు వల్ల వచ్చే విషం. అక్కడి సూపర్ బజారులో మన దేశపు కారం పొట్లం కనబడితే అది ఈ పరీక్ష దాటి వచ్చిందన్నమాట. కల్లంలో పట్టా మీద శుభ్రంగా ఆరబెట్టిన రైతు కష్టం ఆ పొట్లంలో ఉంది.

పత్తి వాళ్లు చూడవలసినది ఇంగ్లండులో మాంచెస్టర్. రాయల్ ఎక్స్చేంజ్ అనే భారీ భవనంలో ఒకప్పుడు వేలమంది పత్తి, నూలు వర్తకులు గుమిగూడేవారు. ఇప్పుడది నాటకశాల. గోడపైన ఎత్తున మాత్రం పాత ధరల బోర్డు అలాగే ఉంది. వర్తకం ఆగిపోయిన 1968 నాటి చివరి రోజు ధరలు దాని మీద ఇంకా కనిపిస్తాయి. అమెరికా అంతర్యుద్ధం జరిగిన 1861-65 మధ్య అక్కడి పత్తి ఆగిపోయి లాంకషైర్ మిల్లులు ఆకలితో అల్లాడినప్పుడు మన పత్తికి ఒక్కసారి గిరాకీ వచ్చింది. యుద్ధం అయ్యాక ధర అంతే వేగంగా పడింది. గుంటూరు, కృష్ణా ప్రాంతపు పత్తి విదేశీ వర్తకంలో కొకనాడా అన్న పేరుతో వెళ్లేది. ఎక్కడో సముద్రాల అవతల రాసిన అంకె పర్చూరు రైతు ఇంట్లో పెళ్లిని ఆపగలదన్న సంగతి ఆ బోర్డు కింద నిలబడినప్పుడు బాగా తెలుస్తుంది. ఇవాళా అది మారలేదు.

ప్రకాశం జిల్లాకు పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులు కూడా ఒకప్పుడు ఇంగ్లండు దారి పట్టినవారే. 1904లో బారిస్టరు చదువుకు లండన్ వెళ్లి 1907లో తిరిగొచ్చారు. మాంసం, మద్యం, పొగ ముట్టనని తల్లికి మాట ఇచ్చి వెళ్లారు. ఆ రోజుల్లో అక్కడ శాకాహారం దొరకడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. ఇప్పుడు స్విట్జర్లాండ్‌లో 3,454 మీటర్ల ఎత్తున యుంగ్‌ఫ్రావ్‌యోక్ మంచు కనుమ మీద కూడా భారతీయ భోజనం పెడుతున్నారు.

లండన్‌కు వీసా వేరే తీసుకోవాలి, ఖర్చూ వేరే. అయినా వెళ్లగలిగిన వాళ్లు బ్రిటిష్ మ్యూజియంలో 33ఏ గదిని వదిలిపెట్టకూడదు. ప్రవేశం ఉచితం. అద్దాల గోడ వెనుక, వేడీ తేమా అదుపులో ఉంచిన ఆ గదిలో ఉన్నది అమరావతి. గుంటూరుకు సుమారు 35 కిలోమీటర్ల దూరంలో కృష్ణ ఒడ్డున నిలిచిన మహాస్తూపం రాళ్లు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త ఊరు కడుతున్న రోజుల్లో దిబ్బ తవ్వగా శిల్పాలు బయటపడ్డాయి. కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ చూసి రాశాడు, 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వి మద్రాసు పంపాడు. అక్కడ ఏళ్ల తరబడి ఆరుబయట ఎండకూ వానకూ ఉండి, 1859లో ఓడెక్కాయి. 1880లో ఈ మ్యూజియానికి చేరాయి. అక్కడ వీటిని చలువరాళ్లని పిలిచారు గానీ ఇది పలనాటి సున్నపురాయి.

అందులో ఒక పలక దగ్గర ఆగాలి. దాని ముందువైపు స్తూపం రూపమే చెక్కారు. చుట్టూ కంచె, గుమ్మం దగ్గర సింహాలు, పూర్ణకుంభాలు, పైన గాలిలో తేలి వస్తున్న గంధర్వులు, అండం అనే గుండ్రటి పైభాగం నిండా అల్లికలు. కూలిపోయిన మహాస్తూపం ఎలా ఉండేదో మనకు చెబుతున్నది ఇలాంటి పలకలే. వెనక్కి వెళ్లి చూస్తే అదే రాతి మీద ఇంకో బొమ్మ. ఖాళీ ఆసనం, బోధివృక్షం, మొక్కుతున్న భక్తులు. అది క్రీస్తుకు పూర్వపు పని. మూడు వందల ఏళ్ల తర్వాత పలకను తిప్పి రెండోవైపు కొత్తగా చెక్కారు. మొదటి శిల్పి బుద్ధుణ్ణి చూపకుండానే చూపాడు. రెండోవైపు గుమ్మంలో బుద్ధుడు నిలబడి ఉన్నాడు. ఒకే రాయికి రెండు వైపులా రెండు కాలాల నమ్మకం. ఉలి చివర ఎంత సన్నగా నడిచిందో చూడటానికి మొహం అద్దానికి ఆనించాల్సి వస్తుంది.

ఆ గదిలో నిలబడితే గుంటూరు వాళ్లకు గర్వం, బాధ రెండూ కలుగుతాయి. రెండూ సరైనవే. ఆ రాళ్లు అమరావతికి తిరిగి రావాలన్న మాట మన వైపు నుంచి గట్టిగా వినిపించాలి. అడగాలంటే ముందు అవి ఎక్కడున్నాయో, ఎలా ఉన్నాయో మనవాళ్లు ఎక్కువమంది చూసి ఉండాలి.

ఈ వేసవికి టికెట్లు తీసుకున్న వాళ్లకు ఒక మనవి. పెట్టె సర్దే ముందు ఒక ఆదివారం మోటుపల్లి వెళ్లి గణపతిదేవుడి శాసనం చూడండి. ఇంకో ఆదివారం అమరావతి స్తూపం దిబ్బ, పక్కనే ఉన్న మ్యూజియం చూడండి. పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి. టూరు ఏజెంటుతో మాట్లాడేటప్పుడు వెనిస్‌లో ఆ పెరటికి అరగంట, లండన్‌లో 33ఏ గదికి ఒక పూట ముందే రాయించుకోండి.